పెదనాన్న కోటుకు ఆరో బొత్తాం

మొన్న విజయవాడ వన్‌టౌన్‌లో ఒక బొత్తాల కొట్లో గంటసేపు కూర్చుని, ఉన్న డబ్బాలన్నీ కెలికి, కొట్టతని ఓపికకు పరీక్ష పెట్టాను. "మిలటరీవే కావాలంటే ఇవి తీసుకోండి మేడమ్‌గారూ, బ్యాండు మేళం వాళ్ళు ఇవే కుట్టించుకుంటారండి" అంటూ సింహం బొమ్మ ఉన్న పసుపుపచ్చ ప్లాస్టిక్కు బొత్తాం నా అరచేతిలో పెట్టాడు. పెళ్ళి ఊరేగింపుల్లో డ్రమ్ము కొట్టినవాడు కాదు మా పెదనాన్న అని చెప్పబోయి నోరు మూసుకున్నాను. ఒళ్ళో సంచిలో ఆయన మిలటరీ కోటు ఉంది. దాని ఆరు ఇత్తడి బొత్తాల్లో ఒకటి ఎప్పుడు ఊడిపోయిందో ఎవరికీ తెలియదు.

కోటు బాగుచేయించమన్నది కంకిపాడులో ఉన్న మా పెద్దమ్మ. తొంభైకి దగ్గరపడింది, పెదనాన్న పోయి చాలా ఏళ్ళయింది. "నన్ను పెట్టెలో పెట్టేటప్పుడు దీన్ని కూడా పక్కన పెట్టండమ్మా. బొత్తాం ఊడిన కోటు పట్టుకుని ఆయన ఎదటికి ఎట్టా వెళ్తాను? ఏదో ఒకటి కుట్టెయ్యమాక, అప్పటిదే వెతుకు" అంది. పరలోకం మీద ఆవిడకున్నంత నమ్మకం మా పాస్టరుగారికి కూడా ఉండదేమో. ఆవిడ అంత మాటన్నాక తప్పించుకునే వీలు లేదు.

హైస్కూలు చదువంతా నేను వాళ్ళింట్లోనే ఉండి చదివాను. పెదనాన్న అప్పటికే పటాలం నుంచి పెన్షను మీద వచ్చేసి, కాలవ కింద కాస్త పొలం చేసుకుంటున్నాడు. ఏడాదంతా పంచె, బనీను. జనవరిలో ఒక్కరోజు మాత్రం పాత పటాలం వాళ్ళంతా విజయవాడలో కలిసేవారు. ఆ రోజు కలరా ఉండల వాసనేసే ఆ ఉన్ని కోటు బయటికి వచ్చేది. మన కృష్ణా జిల్లా చలికి ఉన్ని కోటు ఎందుకని పెద్దమ్మ వేళాకోళం చేసేది. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా, ముడతలు పడతాయని కంకిపాడు నుంచి విజయవాడ దాకా నిలబడే వెళ్ళేవాడు. తిరిగొచ్చాక రెండు రోజులపాటు మాతో హిందీలో మాట్లాడేవాడు. మాకు ముక్క అర్థమయ్యేది కాదు, అయినా ఏడాది మొత్తంలో ఆయన అంతగా నవ్వింది ఆ రెండు రోజులే.

నాకు పదమూడేళ్ళప్పుడు, క్రిస్మస్ ముందు ఇంట్లో ఇత్తడంతా తోమే పని నాకప్పగించారు. బిందెలు, చెంబులు, దీపపు సెమ్మెలు అయ్యాక ఊరుకుంటే బాగుండేది. తలుపు వెనక కోటు కనబడింది. బొత్తాలు నల్లగా, దిక్కులేనట్టు ఉన్నాయి. వెనక రింగులు లాగితే ఊడివస్తాయి. చింతపండు, ఇటుక పొడి పట్టించి, కొబ్బరి పీచుతో రెండు పూటలు రుద్దాను. మొండి నలుపు. నేనూ మొండిదాన్నే. చివరకు బంగారంలా తేలాయి.

పెదనాన్న చాలాసేపు చూశాడు. "నువ్వే తోమావా?" అన్నాడు. అవునన్నాను. "అద్దంలా ఉన్నాయి తల్లీ" అని తల నిమిరి, కోటు లోపల పెట్టేశాడు. ఆ జనవరిలో మోకాలి నొప్పని విజయవాడ వెళ్ళలేదు. మరుసటి ఏడూ అంతే. ఇక ఎప్పుడూ వెళ్ళలేదు. నేను విజయవాడ కాలేజీలో చేరాక సెలవులకు వచ్చినప్పుడల్లా నొప్పుల తైలం తెచ్చేదాన్ని. ఆయన నా ముందే మోకాళ్ళకు పట్టించుకుని, నయంగా ఉందనేవాడు. అదే మనిషి తెల్లవారేసరికి కాలవగట్టు మీద మైళ్ళు నడిచేవాడు. ఇదెలా అని నాకు ఒక్కసారి కూడా తోచలేదు.

వన్‌టౌన్ బొత్తాల కొట్టతను, నన్ను వదిలించుకోవడానికో ఏమో, మంగళగిరిలో ఒక ముసలి దర్జీ ఉన్నాడనీ, కుర్రతనంలో ఉత్తరాదిన మిలటరీ వాళ్ళకు బట్టలు కుట్టాడనీ చెప్పాడు. వెళ్ళాను. దర్జీ కోటును మోకాళ్ళ మీద పరుచుకుని, ఒక బొత్తాన్ని తిప్పి, బొమ్మ గీతల్లో సూదిమొన పెట్టి గీకాడు. మొన మీదికి నల్లటి పొడి వచ్చింది.

"ఈ పటాలం వాళ్ళ బొత్తాలు నల్లగానే ఉంటాయండి. మెరిస్తే అవతలోడి కంట పడతారని. ఎవరో పాపం బాగా కష్టపడి తోమేశారు."

"నేనేనండి" అన్నాను.

ఆయన పాత డబ్బా బోర్లించి, చాలాసేపు వెతికి, అదే బొమ్మ ఉన్న నల్ల బొత్తాం ఒకటి తీశాడు. కోటు మీద పెట్టి చూస్తే, ఐదు మెరుపుల మధ్య అదొక్కటే నిజంలా ఉంది. మిగతా ఐదింటికీ నలుపు ఎక్కించి ఇస్తానన్నాడు.

కోటు తీసుకెళ్ళి పెద్దమ్మకు అంతా చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "తెలుసమ్మా. మెరిసే బొత్తాలతో ఆళ్ళ మధ్య నిలబడితే నవ్వుతారు, తీసేసి కొత్తవి తెప్పిస్తే పిల్ల ఏడుస్తుంది, మోకాలి నొప్పి అందాంలే అన్నారు. నాచేత కూడా ఆ అబద్ధం ఆడించారు. నువ్వు పెళ్ళయి వెళ్ళాక తెప్పించుకుంటానన్నారు. అప్పటికి ఆ కలిసేవాళ్ళే లేకుండా పోయారు."

ఆవిడ ముందు ఏడవకూడదనుకున్నాను, ఆగలేదు. నా మనసు నొచ్చుకోకూడదని ఒక మనిషి తన ఏడాదికొక్క పండగను వదులుకుంటే, నేను తైలం సీసాలు మోసుకెళ్ళి ప్రేమనుకున్నాను. పెద్దమ్మ ఆరు బొత్తాలనూ వేలితో తడిమి చూసుకుని, కోటు మడతపెట్టి బీరువాలో పెట్టింది. బొత్తాలకు నలుపు రెండు రోజుల్లో ఎక్కింది. ఆయన ఇంట్లో కూర్చుని గడిపేసిన ఆ జనవరి నెలలను ఇప్పుడు ఎవరు తెచ్చిస్తారు.