నొప్పి రెండే మేడం

2023 వేసవి. ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక మందుల షాపు పైన ఉన్న మా ఫిజియోథెరపీ క్లినిక్‌లో, సరిగ్గా ఎండలు ముదిరాక ఏసీ పాడైంది. పేషెంట్లు ఏసీ మెకానిక్‌నీ నన్నూ కలిపి తిట్టుకుంటున్నారు. ఒకావిడ మాత్రం ఏం పర్లేదు, గాలి మంచిగనే వస్తుందని నన్ను ఓదార్చింది. ఆవిడ కూర్చున్న మూలకు ఫ్యాను గాలి రానే రాదు. అలా పరిచయమైంది సుగుణక్క.

మల్కాజ్‌గిరి నుంచి బస్సులో వచ్చేది. యాభై దాటాయి, షుగర్ ఉంది, కుడి భుజం బిగుసుకుపోయింది. దీన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటాం. కీలు చుట్టూ ఉండే పొర గట్టిపడి చెయ్యి పైకి లేవదు, వెనక్కి పోదు. జడ వేసుకోవడం కూడా గగనమే. మెల్లగా సాగదీస్తూ, ఇంట్లో రోజూ వ్యాయామం చేయిస్తూ దారికి తేవాలి. తొందరపడితే మొదటికే మోసం.

కానీ సుగుణక్కకు తొందర ఉంది. ముందు ఏడాది కూతురి కాన్పు కష్టమైనప్పుడు, తల్లీబిడ్డా క్షేమంగా బయటపడితే అమ్మవారి నైవేద్యం కుండను, బోనాన్ని, రెండు చేతులా నెత్తిన ఎత్తుకుంటానని మొక్కుకుంది. బోనాలు జరిగే ఆషాఢం దగ్గరికొస్తోంది. వాళ్ళింట్లో ఒకటే బోనం. దాన్ని ఏటా యాప్రాల్ నుంచి వచ్చే ఆడబిడ్డ ఎత్తుకునేది. ఆవిడ అడగడం, ఈవిడ సరేననడం. పెళ్ళయి వచ్చాక ఒక్క ఏడాది కూడా సుగుణక్క వంతు రాలేదు.

మా పనిలో పెయిన్ స్కేల్ అని ఒకటుంది. నొప్పి లేకపోతే సున్నా, అస్సలు తట్టుకోలేకపోతే పది. పేషెంటు చెప్పే ఆ అంకెను బట్టే ఎంత సాగదీయాలో, ఎక్కడ ఆగాలో చూసుకుంటాం. చెయ్యి ఎత్తుతూ ఎంత అని అడిగితే సుగుణక్క "రెండే మేడం" అనేది. రెండే కదా అని ఇంకాస్త ఎత్తేదాన్ని. అప్పుడూ రెండే. మర్నాడు చూస్తే భుజం ముందుకన్నా బిగిసి ఉండేది. ఇలాగే ఉంటే మత్తు ఇచ్చి చెయ్యి వంచాల్సి వస్తుందని ఎముకల డాక్టరుగారు చెప్పేశారు. అదే జరిగితే ఈ ఏటి బోనం మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఒకరోజు చెయ్యి ఎత్తుతుంటే నా చూపు ఆమె పాదాల మీద పడింది. కాలివేళ్ళు పిడికిలిలా ముడుచుకుపోయి ఉన్నాయి. నుదుటి నిండా చెమట. నోరు మాత్రం రెండే అంటోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. చెయ్యి కిందికి దించి, ఎందుకు అబద్ధం చెబుతున్నారని నిలదీశాను.

"మీరింత తక్లీఫ్ పడి చేస్తున్నరు మేడం. నొప్పి అంటే మీ మనసు నొచ్చుకోదా?" అంది.

తిట్టాలో నవ్వాలో తెలియలేదు. నన్ను నొప్పించకూడదని తన భుజం నొప్పించుకుంటున్న మనిషిని నా సర్వీసులో చూడటం అదే మొదటిసారి. మెల్లగా ఆరా తీస్తే ఇంట్లోనూ ఇదే వరస. వ్యాయామానికి టైమెక్కడిది? పక్కింటావిడ ఆవకాయకు ముక్కలు కొట్టిపెట్టాలి, ఎదురింటి ఫంక్షన్‌కి పిండి కలపాలి. ఎవరడిగినా సరే.

ఆమె రోజూ అమ్మవారి సహస్రనామ పారాయణం చేస్తుందని నాకు తెలుసు. క్లినిక్ గోడకు అమ్మవారి బొమ్మ ఉన్న క్యాలెండర్ వేలాడుతోంది. ఆమెను అటు తిప్పి కూర్చోబెట్టాను.

"ఇక నాకు చెప్పకండి అక్కా. ఆమెకు చెప్పండి."

చెయ్యి ఎత్తాను. సుగుణక్క చాలాసేపు బొమ్మకేసి చూసింది. అమ్మవారితో అబద్ధమాడే అలవాటు ఆమెకు లేదు. చివరికి "ఎనిమిది తల్లీ" అంది. కళ్ళమ్మట బొటబొటా నీళ్ళు కారాయి. నాకూ ఏడుపొచ్చింది కానీ లోపల భలే సంతోషం వేసింది. ఇన్నాళ్ళకు నాకు సరైన అంకె దొరికింది.

అప్పటి నుంచి వైద్యం దారిన పడింది. నాలుగు అనగానే ఆగిపోయేదాన్ని. చెయ్యి కొద్దికొద్దిగా లేవసాగింది. నేను ఊహించని సంగతి ఏమిటంటే, ఈ పద్ధతిని ఆమె ఇంటికి కూడా పట్టుకెళ్ళింది. పూజయ్యాక కాసేపు దీపం ముందే కూర్చుని, తనకేం కావాలో అమ్మవారికి ఉన్నదున్నట్టు చెప్పుకోవాలని నియమం పెట్టుకుంది. మొదట్లో ఏమీ తోచలేదట. భర్తకేం ఇష్టమో తెలుసు, పిల్లలకేం ఇష్టమో తెలుసు, తనదే తెలియదు. చాలా రోజులకు బయటపడిన మొదటి నిజం, తనకు ఉప్మా అంటే పడదని. పెళ్ళయిన దగ్గర్నుంచి భర్తతో పాటు అదే తింటోంది. మర్నాడు ఆయనకు ఉప్మా పెట్టి తను దోశ పోసుకుందట. ఆయన రెండు ప్లేట్లూ మార్చి మార్చి చూసి, తనకూ ఒక దోశ వెయ్యమన్నాడట. అది విని మా క్లినిక్ అంతా పడీపడీ నవ్వాం.

ఆ తర్వాత ఎవరేం అడిగినా జెర ఆగుండ్రి, అడిగొస్త అని దేవుడి గదిలోకి వెళ్ళొచ్చి జవాబు చెప్పడం షురూ చేసింది. సగం సార్లు జవాబు "కాదు" అనే. పక్కింటావిడ పచ్చడి ముక్కలు ఆమే కొట్టుకుంది.

అసలు పరీక్ష ఆషాఢంలో వచ్చింది. నీ చెయ్యి బాగలేదు కదా, ఈసారి కూడా నేనే ఎత్తుకుంటానని ఆడబిడ్డ ఫోన్ చేసింది. సుగుణక్క పరేషాన్ అయి నా దగ్గరికి వచ్చేసింది. కాదంటే ఆవిడ అలుగుతుందేమో, పండక్కి రాదేమో, ఇంట్లో అందరూ తననే అంటారేమో. నేను సలహా ఇస్తే దానికీ సరే అనేస్తుంది. అందుకని నోరు మూసుకుని కూర్చున్నాను. నన్నెరిగిన వాళ్ళకు తెలుసు, అది నాకెంత కష్టమో. ఆమె కళ్ళు మూసుకుని తెరిచి, తనే మాట్లాడింది.

"రోజు వెయ్యి పేర్లు చదువుత మేడం. రాక్షసులను కొట్టిందని ఉంటది, లోకాలను ఏలుతదని ఉంటది. అందరికి సరే అన్నదని ఒక్క పేరన్న లేదు."

నా ఎదురుగానే ఫోన్ కలిపింది. మాట తడబడలేదు.

"వదినె, ఈసారి నేనే ఎత్తుకుంట. మొక్కు నాది. నువ్వు నా పక్కపొంటి నడువు."

ఆడబిడ్డ అలిగింది. కొన్నాళ్ళు ఫోన్లు లేవు. పండగనాడు మాత్రం పట్టుచీర కట్టుకుని పొద్దున్నే దిగింది.

సికింద్రాబాద్ బోనాల ఆదివారం నేనూ వెళ్ళాను. డప్పుల వెనక సుగుణక్క వస్తోంది. నెత్తిన పసుపు పూసిన కుండ, వేపమండలు, పైన దీపం. రెండు చేతులూ నిండుగా పైకి లేచి కుండను పట్టుకున్నాయి. అందరూ బోనానికి దండం పెడుతుంటే నేను భుజం ఎంతవరకు లేచిందో చూస్తూ నిలబడ్డాను. వృత్తి జబ్బు. ఆమె నన్ను చూసి కూడా ఆగలేదు. ఇదివరకైతే కుండతో సహా ఆగి, తిన్నారా మేడం అని అడిగేది.

ఈ కేసు తర్వాత పేషెంట్లను "పర్లేదా?" అని అడగడం మానేశాను. మన ఆడవాళ్ళ దగ్గర ఆ ప్రశ్నకు ఒకటే జవాబు. ఎక్కడ, ఎంత అని అడిగి, నిజం బయటికొచ్చేదాకా ఓపిక పడతాను.

చివరి విజిట్‌కు వచ్చినప్పుడు ఆమెను ఒక కోరిక కోరాను. శనివారం పొద్దున్నే వచ్చి, నొప్పి దాచుకునే ఆడవాళ్ళతో కాసేపు మాట్లాడమని. నా చేతుల్లో బాగుపడిన మనిషి, కాదనదని ధీమా. ఆమె గోడకేసి చూడలేదు, కళ్ళు కూడా మూసుకోలేదు.

"రాను మేడం. శనివారం నేను లేటుగ లేస్త" అంది నవ్వుతూ.

ఒక్క క్షణం మనసు చివుక్కుమంది. తర్వాత ఆమె ఫైలు తీసి, పూర్తిగా కోలుకున్నారని రాసి సంతకం పెట్టాను.