బంద్ రోజున తోసుకెళ్ళిన ఎర్ర బండి

మా ఎర్ర బండి గురించి నేను ఇన్నాళ్ళూ చెప్పినవాటిలో సగం అబద్ధాలు. ఏ సగమో ఇప్పుడు నాకే గుర్తులేదు కాబట్టి మొత్తం నిజమే అనుకుని రాస్తున్నాను.

అది రెండు సీట్ల విలాయతీ స్పోర్ట్స్ కారు. గుడ్డ టాపు, పొడుగాటి మూతి, రోడ్డుకి జానెడెత్తులో సీట్లు. కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో మా సందుకి దాన్ని తెచ్చిన కొత్తలో, ఒక ఓడ కెప్టెన్ పేకాటలో నాకు ఓడిపోయాడని చెప్పాను. అది నమ్మనివాళ్ళకి, రేసులాడే దొర ఒకాయన లండన్ వెళ్ళిపోతూ నా చేతిలో తాళం పెట్టి కళ్ళు తుడుచుకున్నాడని చెప్పాను. అసలు సంగతి వేరు. నాది రేవులో సరుకు విడిపించే కాయితాలు పట్టుకుని తిరిగే జెట్టీ సర్కారు ఉద్యోగం. మా ఆఫీసు పెద్దబాబు పెరట్లో ఆ బండి ఉండేది. అందులో కోళ్ళు పొదిగేవి. ఆయన కోళ్ళ పెంపకం మానేశాక బండి నన్ను తీసుకుపొమ్మన్నాడు. ఇంటికి తెచ్చి మూత ఎత్తి చూస్తే స్టార్టర్ మోటారు ఉండాల్సిన చోట గుడ్డు పెంకులున్నాయి.

స్టార్టర్ లేని బండి తోస్తేనే అంటుకుంటుంది. తోసేవాళ్ళకి మా సందులో లోటు లేదు. శ్రీకాకుళం వైపు నుంచి ఓడల డాక్ పనికి వచ్చి మూడు తరాలుగా ఉండిపోయిన మనవాళ్ళవి ముప్ఫై ఇళ్ళు. రోజూ ఎనిమిదిన్నరకి, డ్యూటీకి పోయే ముందు, ఎనిమిదిమంది వచ్చి ఎవరి చోట వాళ్ళు చేతులు ఆనించేవారు. వెనక ఎడమ మడ్‌గార్డు ఒకే ఇంటివాళ్ళది. అన్నకి షిఫ్టు మారితే తమ్ముడు వచ్చేవాడు తప్ప, పక్కింటివాడి చెయ్యి అక్కడ పడనిచ్చేవారు కాదు.

వీళ్ళందరి మీదా ఒక సర్దారు. డాక్‌లో గ్యాంగు సర్దారుగా చేసి రిటైరైన పెద్దాయన. సందంతా ఆయన్ని మావా అనే పిలిచేది. ఆయన బండిని ముట్టుకునేవాడు కాదు. తువ్వాలు భుజాన వేసుకుని బండికి ఎదురుగా నిలబడి, దాని మొహంలోకి ఒకసారి చూసి, ఓడ అడుగున ఇరుక్కున్న పెట్టెను పైకి రప్పించే గొంతుతో "మారో జోర్" అనేవాడు. ఎనిమిది గొంతులూ "హైసా" అనేవి. మూడో హైసాకి ఇంజిను దగ్గేది, అయిదోదానికి అంటుకునేది. మావ పక్కకి తప్పుకునేవాడు. నేను టోపీ సర్దుకుని, ఒక చెయ్యి గాల్లో ఊపి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేవాణ్ణి. పదకొండేళ్ళు అలాగే వెళ్ళాను. ఒకసారి ఖిదిర్‌పూర్ వంతెన దిగువన ఆ బండి గాల్లోకి లేచి రెండు ట్రాముల మీదుగా దూకిందని చెబుతుంటాను. రెండు కాదు, ఒకటే.

ఒకరోజు కుళాయి దగ్గర మావ భార్య మా ఆవిడతో అందట: "మీ బండి పున్నేన మా ముసిలోడు మంచం దిగతన్నాడమ్మా. రిటైరైనాక ఆర్నెల్లు గోడకేసి సూత్తా తొంగున్నాడు. ఆ బండే నేకపోతే మల్లీ ఆ గోడే."

మా ఆవిడ ఆ మాట నాకు చెప్పింది. చెప్పిన వారానికి కొత్త బండి కావాలంది. ఆవిడ తప్పేమీ లేదు. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు వచ్చాయి. అప్పటిదాకా సీట్ల వెనక స్టెప్నీ పెట్టే గూట్లో పడుకునేది. ఇప్పుడు అందులో కూర్చుంటే మోకాళ్ళు చెవులకి తగులుతున్నాయి.

"ఈ ఏడు దుర్గ పూజలకి ముగ్గురం ఒక్క బండిలో కూచుని పందిళ్ళలో ఠాకూర్లని చూడ్డానికి ఎళ్ళాలండి. నేదంటే మీరూ మీ బండీ ఎళ్ళండి. మేం బస్సులో వచ్చి, రోడ్డు మీద మిమ్మల్ని తోస్తన్నోళ్ళని చూసుకుంటాం," అంది.

చౌరంగీలో ఒక షోరూమువాళ్ళు పూజల ఆఫరు పెట్టారు. పాత బండి ఇచ్చి, మిగతా డబ్బు వాయిదాల్లో కట్టే ఒప్పందం మీద కొత్త బండి తీసుకుపోవచ్చు. మేనేజరు ఒక్కటే షరతు చెప్పాడు. "బండి తన చక్రాల మీద రావాలి దాదా. లారీ మీద వస్తే అది కారు కాదు, ఇనుము."

నేను వెంటనే తీసుకెళ్ళి ఉంటే ఈ కథే లేదు. మావకి చెప్పే ధైర్యం లేక రోజులు నెట్టుకొచ్చాను. నెట్టుకొచ్చి నెట్టుకొచ్చి ఆఫరు ఆఖరి రోజుకి వచ్చేసరికి ఆ రోజున బంద్ అన్నారు. ఎవరు పిలిచారో, ఎందుకో గుర్తులేదు. ఆ రోజుల్లో కలకత్తాలో బంద్ ఎందుకని అడిగితే, వాన ఎందుకని అడిగినవాణ్ణి చూసినట్టు చూసేవారు. బంద్ అంటే పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరుదాకా రోడ్డు మీద ఇంజిను చప్పుడు వినపడకూడదు.

ముందురోజు సాయంత్రం మావ ఇంటి అరుగు మీద కూర్చున్నాను.

"మావా, రేపు బండిని చౌరంగీ దాకా తోయాలి."

"స్టార్టవదా ఏటి?"

"అవుద్ది. రేపు బంద్ కదా, ఇంజిను ఆడకూడదు."

"మరి ఎల్లడం ఏటికి, బావూ?"

"దాన్ని ఇచ్చేసి కొత్తది తేడానికి."

మావ భుజం మీది తువ్వాలు తీసి నాలుగు మడతలు పెట్టాడు. మళ్ళీ విప్పాడు.

"కొత్తదానికి తోపు గావాలా?"

"అక్కర్లేదు మావా. తాళం తిప్పితే చాలు."

"తాళం తిప్పడానికి సర్దారేటికిలే," అన్నాడు. "ఏడింటికి ఎనిమిదిమందినీ రమ్మంటాను. సరుకన్నాక దాని సోటికి అది సేరాల కదా."

ఆయన నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

పొద్దున్న ఏడింటికి బయల్దేరాం. రోడ్ల మీద జనం క్రికెట్ ఆడుకుంటున్నారు. ఎనిమిదిమంది తోస్తున్నారు, మావ ముందు నడుస్తూ జోర్ చెబుతున్నాడు, నేను టోపీ పెట్టుకుని స్టీరింగ్ పట్టుకున్నాను. ఖిదిర్‌పూర్ కూడలిలో బంద్ వలంటీర్లు రోడ్డుకి అడ్డంగా బెంచీ వేసుకుని క్యారమ్స్ ఆడుతున్నారు. వాళ్ళ నాయకుడు గొడుగు చేత్తో పట్టుకున్న ఒక స్కూలు మాస్టారు.

"ఈరోజు బండ్లు తిరగకూడదు దాదా," అన్నాడు.

"ఇది తిరగడం లేదు దాదా. దీన్ని తీసుకెళుతున్నారు."

మాస్టారు గొడుగు చంకలో పెట్టుకుని, జ్వరం వచ్చినవాడి నుదురు చూసినట్టు బానెట్ మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. మూత ఎత్తించి ఇంజిను మీద కూడా వేశాడు. అదీ చల్లగానే ఉంది. ఇటువంటి కేసు ఆయనకి ఇంతకుముందు తగల్లేదు. క్యారమ్ బోర్డు పక్కకి జరిపి మీటింగు పెట్టారు. టీ తాగుతూ అరగంట చర్చించారు. చివరికి మాస్టారు లేచి తీర్మానం చెప్పాడు.

"ఇంజిను చల్లగా ఉంది కాబట్టి ఇది వాహనం కాదు. తోసేవాళ్ళు ఇష్టపడి తోస్తున్నారు కాబట్టి ఇది పని కూడా కాదు. ఒక్కటే అభ్యంతరం. ఎనిమిదిమంది శ్రామికులు తోస్తుంటే మీరొక్కరే టోపీ పెట్టుకుని కూర్చున్నారు. అది కుదరదు. దిగి మీరూ తోయండి."

"మరి స్టీరింగ్ ఎవరు పట్టుకుంటారు?"

"మీలో అందరికంటే ఎక్కువ ఏళ్ళు పనిచేసింది ఎవరో వారు."

ఎనిమిదిమందీ మావ వైపు చూశారు.

"నానా?" అన్నాడు మావ. "నాను దాన్ని ముట్టుకోను కదా."

"మీటింగులో తీర్మానం అయిపోయింది దాదూ," అన్నాడు మాస్టారు.

జానెడెత్తు సీట్లోకి డెబ్బై ఏళ్ళ మోకాళ్ళు దిగాలి. ఇద్దరు చంకల కింద చేతులు వేసి, ఇద్దరు కాళ్ళు పట్టుకుని, ఆయన్ని ఓడలోకి పెట్టె దించినట్టు దించారు. దించుతున్నంతసేపూ దింపించింది మావే. "ఆయిస్తా, ఆయిస్తా. ఎడం పక్క వదులు. బస్," అన్నాడు, తనని తానే.

అప్పుడు నాకు చోటు సమస్య వచ్చింది. పదకొండేళ్ళుగా ఎవరి చోటు వాళ్ళది. నేను వెళ్ళి మడ్‌గార్డు మీద చెయ్యి వెయ్యబోతే ఆ ఇంటి అన్న నా చెయ్యి మర్యాదగా తీసి నాకిచ్చాడు. "అది మాది బావూ," అన్నాడు. బండి నాది అనబోయి ఊరుకున్నాను. చివరికి నంబరు ప్లేటు మధ్యలో, పొగ గొట్టం మోకాలికి తగిలే చోట నాకు జాగా ఇచ్చారు.

నా బండిని వెనకనుంచి కదులుతుండగా చూడడం నాకు అదే మొదటిసారి. ఎర్ర రంగు ఎనిమిది చోట్ల అరిగిపోయి లోపలి రేకు మెరుస్తోంది. ఒక్కొక్కటీ ఒక్కో అరచెయ్యి ఆకారం. నేను ప్రతి ఆదివారం ముందు భాగం మాత్రమే పాలిష్ పెట్టేవాణ్ణి.

రేసుకోర్సు పక్కన మావకి ధైర్యం వచ్చింది. జోర్ చెబుతూనే ఒక చెయ్యి తీసి, దారిన పోయేవాళ్ళకి అచ్చం నాలాగే ఊపడం మొదలుపెట్టాడు. ఎర్ర బండిలో ముసలి కార్మికుడు, వెనక తోసేవాళ్ళు. ఇదేదో ఊరేగింపు అనుకుని క్రికెట్ ఆడేవాళ్ళు బ్యాట్లు వదిలేసి మా వెనక చేరారు. మైదానం దాటేసరికి రెండు వందలమంది అయ్యారు. సరే, నలభై. షోరూము ముందు ఆగాక లెక్కపెడితే పన్నెండుమందే, కాని వాళ్ళు చాలా గట్టిగా హైసా అంటున్నారు.

మేనేజరు బంద్ అని ముందురోజే వచ్చి షోరూములో పడుకున్నాడు. సగం ఎత్తిన షట్టరు కిందనుంచి లుంగీతో, నోట్లో బ్రష్షుతో బయటికి వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు.

"స్టార్ట్ చేసి చూపించండి," అన్నాడు.

నా పని అయిపోయిందనుకున్నాను. ఇంజిను అంటుకునేంత జోరుగా తోసి పరిగెత్తే బలం అప్పటికి గ్యాంగుకి లేదు. మావ ఇప్పుడు ఊరుకుంటే చాలు, ఎర్ర బండి మళ్ళీ సందుకి వస్తుంది, ఆయన సర్దారుతనం ఆయనకి ఉంటుంది. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. మావ సీట్లోంచి మేనేజరు వైపు మెల్లిగా తల తిప్పాడు.

"బంద్ రోజున ఇంజిను ఆడించమంటారా బాబూ?" అని డాక్ హిందీలో అడిగాడు.

వెనక పన్నెండుమంది ముందుకి జరిగారు. మేనేజరు బ్రష్షు ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చి, "నేనలా అన్లేదే," అని కాయితాల మీద సంతకం పెట్టేశాడు.

మావ వెంటనే దిగలేదు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు.

"పదకొండేళ్ళు దీని మొకమే సూసినాను," అన్నాడు నాతో. "ఇటేపునించి లోకం ఇలగుంటాదని తెల్దు."

కొత్త బండిని బయటికి తెచ్చారు. వెండి రంగు, నాలుగు తలుపులు, వెనక చిన్న రెక్క. "ఇదీ స్పోర్ట్సే దాదా," అని మేనేజరు ఆ రెక్క చూపించాడు. ఆఫరు నియమం ప్రకారం ఈ రోజే, మధ్యాహ్నంలోపే తీసుకుపోవాలట. నేను తాళం చేతిలో పట్టుకుని రోడ్డు వైపు చూశాను. సాయంత్రం ఆరింటికి ఇంకా ఏడు గంటలుంది.

మావకి నాకంటే ముందు అర్థమైంది.

"ఏటి, దీన్నీ తోయాలా?"

"తోయాలి మావా."

"తోపు అక్కర్లేదన్నావు మరి?"

ఎక్కించడానికి నలుగురు కావలసివచ్చిన మనిషి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, ఒక్క ఊపున దిగాడు. కొత్త బండి వెనక్కి వెళ్ళి, ఎక్కడ పట్టు ఉంటుందో తట్టి తట్టి చూసి, ఎనిమిదిమందికీ చోట్లు పంచాడు. రెక్క మడ్‌గార్డు ఇంటివాళ్ళకి వచ్చింది. స్టీరింగ్ తాళం వదలడానికి మాత్రం సగం తాళం తిప్పి, నేను మళ్ళీ నంబరు ప్లేటు దగ్గరికి పోయాను. మావ ఈసారి ఎవరూ చెప్పకుండానే లోపల కూర్చున్నాడు.

ఖిదిర్‌పూర్ కూడలిలో మాస్టారు మమ్మల్ని ఆపి చాలాసేపు చూశాడు.

"పొద్దున ఇది ఎర్రగా ఉండేది కదా?"

"తోసి తోసి రంగు పోయింది దాదా," అన్నాను.

ఆయన బానెట్ మీద చెయ్యి వేశాడు. "చల్లగానే ఉంది," అని వెళ్ళనిచ్చాడు.

మా ఆవిడ గుమ్మంలో నిమ్మకాయలు పట్టుకుని నిలబడి ఉంది. మేము తోసుకుంటూ రావడం చూసి మెట్టు మీద కూలబడింది. "ఇదీ అంతేనా?" అంది.

మర్నాడు పొద్దున్న ఎనిమిదిన్నరకి ముగ్గురం బండి ఎక్కాం. ఎదురుగా మావ. భుజాన తువ్వాలు ఉంది, కాని నావైపు చూడడం లేదు. ఎనిమిదిమందీ గోడ వారన, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డారు. నేను తాళం పెట్టాను. మా ఆవిడ అద్దంలోంచి మావని చూసింది.

"ఆగండి," అంది. "నూట్రల్లో పెట్టండి."

"ఏటి?"

"సందు చివరిదాకానే కదా. ఆలీసమేం అవదు."

నేను తాళం సగం తిప్పి, కిటికీలోంచి తల బయట పెట్టి, "మావా, ఇది ఎందుకో అంటుకోడం లేదు," అన్నాను. మావ బండి మొహంలోకి ఒకసారి చూశాడు. నా మొహంలోకీ చూశాడు. నా అబద్ధాలన్నీ ఆయన పదకొండేళ్ళుగా విన్నవాడే.

"కొత్తది కదా," అన్నాడు, తువ్వాలు సర్దుకుని. "తోపు అలవాటవాల."

సందు చివర దాకా రోజూ అలాగే వెళ్ళేవాళ్ళం. కొత్త బండికి దగ్గడం రాదు. అందుకని మూడో హైసాకి నేనే దగ్గేవాణ్ణి, అయిదోదానికి తాళం తిప్పేవాణ్ణి.