మిట్ట మీద చెరువులు

1996 జూన్‌లో పెరంబూరులోని ఒక పటాల కంపెనీలో తనిఖీ అధికారిగా చేరాను. అంతకు ముందు సర్వే శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఇక్కడి పని వేరు. ఐర్లండు నుంచి కాగితపు పటాలు వస్తాయి. ఆపరేటర్లు వాటిని డిజిటైజర్ బల్ల మీద పరిచి, ఒక్కో గీత వెంబడి మౌస్ నడిపి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. కంచెలు ఒక పొర, దారులు ఒక పొర, నీళ్ళు నీలం పొర. నా సంతకం పడందే ఏ పటాల కట్టా బయటికి పోదు.

మొదటిది నమూనా కట్ట. అది నెగ్గితేనే కాంట్రాక్టు. దాన్ని ఎక్కించింది హేమలత, సౌకార్‌పేటలో పప్పుల టోకు వ్యాపారుల ఇంటి పిల్ల. ఇంట్లో వద్దంటే పోట్లాడి చేరింది, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. కట్ట తిరిగొచ్చినా, గడువు దాటినా ఆమెను తీసేస్తానని మేనేజరు ముందే చెప్పాడు. తీసేస్తే ఇంట్లోవాళ్ళు మళ్ళీ గడప దాటనివ్వరు.

ఆమె పని చూసి ముచ్చటపడ్డాను. కాని పొలాల నడుమ చిన్న చిన్న గుండ్రని చెరువులు, అన్నీ నీలంగా! ఎత్తు చూపే గీతలతో పోలిస్తే చాలావరకు ఏటవాలు మీదున్నాయి. దగ్గర్లో వాగూ లేదు, కాలువా లేదు.

"మిట్ట మీద చెరువేందమ్మా?" అన్నాను.

"ఈడ పక్కన ఫోర్ట్ అని రాసుండాది గదా సార్. ఇంత చిన్నది కోటెట్టవుతాది? చుట్టూ కట్టుండాది, కోట చెరువేమో అనుకున్నా" అంది.

నవ్వొచ్చింది గాని తప్పు పట్టలేకపోయాను. మూడు కొండల మీద పరచుకున్న చెంజి కోట చూసిన కళ్ళకు పొలం మూలన ఇమిడే కోట ఏం ఆనుతుంది?

ఐర్లండు వాళ్ళను ఫ్యాక్స్‌లో అడిగితే మర్నాడు జవాబొచ్చింది. అవి వెయ్యేళ్ళకు పూర్వం రైతులు ఇళ్ళు కట్టుకున్న చోట్లట. గుండ్రంగా కందకం తవ్వి, ఆ మట్టితోనే కట్ట పోసి, లోపల ఇల్లు వేసుకునేవారు. నీరు నిలవని ఏటవాలు, మేత భూములు కనబడే చోటు ఏరుకునేవారు. ఇళ్ళు పోయి మట్టికట్టలు మిగిలాయి. కంటికి కనబడనివాళ్ళెవరో అక్కడ ఉంటారని తర్వాతి రైతులు వాటి జోలికి పోలేదు. ఔరా, ఎంత తెలివైన కాపురాలు అనుకున్నాను!

హేమలత నీలం తీసి వేరే పొరలోకి మార్చింది. అయినా చిక్కు తీరలేదు. చేతి వణుకు పోవడానికి చివర్లో గీతల్ని తిన్నగా లాగే ప్రోగ్రాం నడపడం మా ఆనవాయితీ. కాగితపు పటంలో ఆ గుండ్రాల దగ్గరకొచ్చేసరికి కంచెలన్నీ పక్కకు వంగి, వాటిని చుట్టి పోతాయి. ప్రోగ్రాం ఆ వంపుల్నీ చదును చేసేస్తోంది. వాటిని కాపాడాలంటే ప్రతి కంచెనూ కాగితంతో పోల్చి చేత్తోనే సరిచూడాలి, గడువేమో ఆ సాయంత్రమే. మేనేజరు వచ్చి, వంకరలు పోతే పోనీ, ప్రోగ్రాం నడిపి కొరియర్‌కు ఇమ్మన్నాడు.

హేమలత లేచి నిలబడింది. "పోతే నా ఉద్యోగమే గదా సార్ పోయేది. వెయ్యేండ్లుగా ఆళ్ళ నాగలి తాకనిదాన్ని ఒక్క మీట నొక్కి నేను దున్నను" అంది.

నేను కలం మూసి జేబులో పెట్టుకున్నాను. నా సంతకం లేదు కాబట్టి కట్ట కదల్లేదు. మేనేజరు కాసేపు గొణిగి, ఐర్లండుకు ఫోన్ చేసి ఇంకొంత గడువు అడిగాడు. ఇచ్చారు. కంచెలన్నీ చేత్తోనే సరిచూసి పంపాం. కట్ట నెగ్గింది, హేమలత ఉద్యోగమూ ఖాయమైంది. పటం అందగానే ఐర్లండు వాళ్ళు మొదట వెతికింది ఆ వంపుల కోసమేనట.

అప్పటినుంచి పటంలో గీత వంకరగా కనబడితే, సరిచేసే ముందు ఎవరు దేన్ని తప్పుకొని పోయారో అడగడం అలవాటు చేసుకున్నాను.