ఇస్సాకు తిత్తి

స్కాటిష్ పెళ్ళి చేసుకుంటామని ఎవరైనా ఫోన్ చేస్తే, బ్యాగ్‌పైప్ వాయించే మనిషిని చూసుకున్నారా అని ముందు అడుగుతాను. వాళ్ళేమో కోట దగ్గర, పూల దగ్గర, గళ్ళ బట్టల దగ్గర మొదలుపెడతారు. అవన్నీ ఆఖరి వారంలో కూడా దొరుకుతాయి. ఊదే మనిషి దొరకడు. వాన పడుతుందనే అనుకుని హాలు మాట్లాడుకోండి, పెళ్ళిళ్ళు రిజిస్టరు చేసే స్టాండెస్‌ఆమ్ట్‌లో తేదీ ముందే తీసుకోండి, చట్టానికి అక్కడ పెట్టే సంతకమే పెళ్ళి, మిగిలిందంతా మన ముచ్చట అని చెప్తాను. సగం మంది వినరు. వాన పడ్డాక నాకే ఫోన్ చేసి ఏడుస్తారు. హాంబర్గ్‌లో ఇన్నేళ్ళుగా పెళ్ళిళ్ళు జరిపిస్తున్నా, చెప్తే విననివాళ్ళ మీద కోపం తెచ్చుకోకుండా ఉండడం నాకింకా చేతకాలేదు.

ఊదే మనిషి విషయంలో మాత్రం నిశ్చింతగా ఉండేదాన్ని. నాకు ఇస్సాకన్న ఉండేవాడు.

ఆయనది గుంటూరు. తండ్రి జిల్లా పోలీసు బ్యాండులో బ్యాగ్‌పైప్ వాయించేవాడు. ఆ బ్యాండులో దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలిచేవాళ్ళు కాదట, తిత్తి అనేవాళ్ళు. ఇస్సాకన్న హాంబర్గ్ వచ్చాక కూడా తిత్తి అనే అనేవాడు. ఓడల్లో ఫిట్టరుగా తిరిగి తిరిగి ఇక్కడ ఓడలు బాగుచేసే ఒక యార్డులో కుదురుకున్నాడు. వారమంతా పాత ఓడల అడుగున దూరి తుప్పు గీకడం, రంగు గీకడం, వెల్డింగు. శనివారం వస్తే గళ్ళ బట్ట కట్టుకుని జర్మన్ల పెళ్ళిళ్ళకు నాతో వచ్చేవాడు. "ఇది గళ్ళ లుంగీయే గదమ్మా సంయుక్తా. ఈ లెక్కన మా ఊళ్ళో రిక్షా తొక్కేవాళ్ళంతా స్కాట్లాండోళ్ళే" అనేవాడు. నల్లటి మనిషి, బుర్ర మీసాలు, తెల్ల మేజోళ్ళు. జనం మొదట మొహం పక్కకు తిప్పుకుని నవ్వేవాళ్ళు. ఊదడం మొదలుపెట్టాక ఎవరూ నవ్వేవాళ్ళు కాదు.

దగ్గు ఎప్పుడు మొదలైందో ఆయనకీ తెలియదు. హాంబర్గ్ గాలికి అందరూ దగ్గుతారు కదా అని ఊరుకున్నాడు. ఊరుకోకుండా నేను మాత్రం ఏం చేశాను, పెళ్ళికీ పెళ్ళికీ మధ్య మిరియాల పాలు తాగమని చెప్పడం తప్ప. ఆసుపత్రికి వెళ్ళేసరికి ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయన్నారు. ఇక మెత్తబడవని కూడా చెప్పారు. ఇంక తిత్తి ఊదొచ్చా అని అడిగితే డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

ఆయన భార్య భానుమతి వదిన ఆ వార్తను ఫోనులో కూతురికి చెప్పింది. ఈషా హైడెల్‌బర్గ్‌లో రీసెర్చి చేస్తోంది. హాంబర్గ్‌లోనే పుట్టింది, తెలుగు వింటుంది గానీ జవాబు జర్మన్‌లో వస్తుంది.

"నాన్నకి ఊపిరితిత్తులు పాడైపోయినాయంట తల్లీ" అంది వదిన.

పుట్టినప్పటి నుంచీ ఆ పిల్లకు తిత్తి అంటే ఒకటే తెలుసు. ముందున్న ఊపిరి అన్న మాట ఆమె చెవికి ఆనలేదు. "అంతేనా మమ్మీ? ఏడవకు. నేను కొత్తది ఆర్డర్ చేస్తా, నెలలో వచ్చేస్తుంది" అంది జర్మన్‌లో.

హైడెల్‌బర్గ్‌లో పెద్ద డాక్టర్ల మధ్య తిరిగే పిల్ల కదా, అవయవాలు మార్చేవాళ్ళు ఎవరో తెలిసే ఉంటారనుకుంది వదిన. కొత్త ఊపిరితిత్తులు వస్తున్నాయని తెలుగు ప్రార్థనా కూడికలో అందరికీ చెప్పింది. కృతజ్ఞతా ప్రార్థన చేయించింది. నేను హిందువునైనా నన్నూ పిలిచి కూర్చోబెట్టింది. ఆ నెలంతా ఇస్సాకన్న ఇంట్లో ఏడుపు లేదు. ఆయన మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగినప్పుడల్లా, ఇంకెన్నాళ్ళండీ, వచ్చేస్తాయిగా అని వదిన వీపు రాసేది.

పార్సిల్ వచ్చింది. విప్పితే, బ్యాగ్‌పైప్‌కు తొడిగే కొత్త తోలు సంచి.

నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. ఇస్సాకన్నకు ముందు అర్థమైంది. నవ్వాడు. నవ్వు దగ్గయి, దగ్గు ఆగక సోఫాలో ఒరిగిపోయాడు. వదిన ఆ సంచిని చేతుల్లో పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. దాని వెనక ఇంకేదో ఉంటుందన్నట్టు పెట్టెలో చెయ్యి పెట్టి వెతికింది. నాకు ఆ పిల్లను చెంప మీద ఒక్కటి ఇయ్యాలనిపించింది. మరునాడు రైలు దిగి ఈషా తండ్రి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చిన ఏడుపు చూశాక ఆ కోపం ఎటుపోయిందో తెలియదు.

అప్పటికే ఈషా పెళ్ళి కుదిరి ఉంది. పెళ్ళికొడుకు కాలమ్, స్కాట్లాండు వాడు, హాంబర్గ్‌లో విమానాలు తయారుచేసే చోట ఇంజనీరు. వాళ్ళ ఊళ్ళో సరస్సు ఒడ్డున పెళ్ళి అనుకున్నాం. అక్కడి రిజిస్ట్రారుకు నోటీసు, వీసాలు, బస, అన్నీ నేనే చూశాను. ఇస్సాకన్న విమానం ఎక్కకూడదన్నారు. ఈషా ఒక్క మాటతో పెళ్ళిని హాంబర్గ్‌కు మార్చేసింది. నేను మళ్ళీ మొదటి నుంచి హాలు వెతుక్కున్నాను. ఈసారి ఎవరి మీదా విసుక్కోలేదు.

"నా కోసం ఎందుకు మార్చారమ్మా" అని ఇస్సాకన్న బాధపడ్డాడు. తర్వాత అడగాల్సింది అడిగాడు. "సరే మార్చారు. అప్పగింతలప్పుడు నేను వాయిస్తా. ఒక్క పాట. మా నాయన గుంటూర్లో ప్రతి పెళ్ళికీ వాయించిన పాట. నా పెళ్ళికీ అదే వాయించాడు. బిడ్డకి అది వాయించకపోతే ఎట్టా?"

"పాట కాదండీ అది, మీ ఊపిరి" అంది వదిన.

"నైన్, పపా" అని ఈషా కూడా జర్మన్‌లో వద్దంది.

ఆయన ఇద్దరితోనూ వాదించలేదు. కొత్త సంచిని పాత గొట్టాలకు బిగించుకున్నాడు. పాతది గాలి వదిలేసేది, ఇది పట్టి ఉంచుతోంది, తక్కువ ఊదినా చాలు అన్నాడు. పొరపాటున వచ్చిన వస్తువు ఇలా పనికొచ్చింది. ఇంట్లో కూర్చుని రోజూ కాస్త కాస్త ఊదేవాడు. వదిన వంటింట్లో కుళాయి విప్పుకుని నిలబడేది.

ఒక సాయంత్రం పెళ్ళి పనులు మాట్లాడుకోవడానికి వాళ్ళింట్లో కూర్చున్నాం. స్కాటిష్ పెళ్ళిలో వధూవరుల చేతులు కలిపి గళ్ళ గుడ్డతో ముడి వేస్తారు, మన కొంగుముడిలాగే. చేతులు కట్టేశాక తాళి ఎలా కడతాడు అని వదిన అడిగింది. తాళి ముందు, ముడి తర్వాత అని తేల్చాను. ఇద్దరూ కలిసి తాగే రెండు చెవుల గిన్నెలో విస్కీకి పాస్టరుగారు ఒప్పుకోరు గనక ఆపిల్ జ్యూస్ అనుకున్నాం, రంగు ఎలాగూ ఒకటే. అంతా నవ్వుతున్నారు. అప్పుడు ఇస్సాకన్న కాలమ్‌కు వినిపిస్తానని ఆ పాట అందుకున్నాడు.

కాలమ్ మొహంలో రక్తం లేకుండా పోయింది. పాట ఆగగానే లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. నేను వెంట వెళ్ళాను. అది చావు పాట అన్నాడు. వాళ్ళ వైపు సమాధి దగ్గర తప్ప వాయించరట. నేర్చుకునేవాళ్ళు కూడా తలుపులు వేసుకుని నేర్చుకుంటారట. వాళ్ళ తాతను పాతిపెట్టినప్పుడు చివరిసారి విన్నాడట. "ఆయనకు చెప్పకండి, ఆయన దగ్గర ఇంకో పాటకు ఊపిరి లేదు" అన్నాడు.

నాకు దాపరికాలు చేతకావు. పైగా ఆ హాల్లో సగం మంది కాలమ్ చుట్టాలు. మరునాడు వెళ్ళి చెప్పేశాను.

"అన్నా, నీకొక మాట చెప్పాలె. విననీకి మంచిగుండది. అది వాళ్ళు పీనుగుకు వాయించే పాటనట."

ఇస్సాకన్న తిత్తి గొట్టాలు తుడిచి పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు, "పరేడులో, చచ్చిపోయిన కానిస్టేబుళ్ళ పేర్లు చదివేటప్పుడు వాయించేవాళ్ళమ్మా దాన్ని. నాయన అక్కడే నేర్చుకున్నాడు. ఆయనకి తెలిసే ఉంటది. పరేడులో పోలీసోళ్ళు ఏడవకూడదు గదా. పెళ్ళిలో అయితే ఏడవచ్చు."

"మరేం జేస్తవ్?"

"అదే వాయిస్తా. పిల్ల పోతంది. నేనూ పోతన్నా. రెంటికీ సరిపోద్ది." ఊపిరి తీసుకుని, "కాలమ్ వాళ్ళమ్మకి ముందే చెప్పు. ఉలిక్కిపడతారు పాపం" అన్నాడు.

ఈషా ఒప్పుకుంది. తను హాల్లోకి వచ్చేటప్పుడు వాయించడానికి వేరే మనిషిని పెట్టమని, పపా పాట మాత్రం అన్నీ అయ్యాకే అని చెప్పింది. భానుమతి వదిన ఒప్పుకోలేదు, అలాగని అడ్డూ పడలేదు.

పెళ్ళి రోజు వాన పడింది. పెళ్ళికూతుర్ని ఇంకో మనిషి హుషారైన పాటతో తీసుకొచ్చాడు. తాళి కట్టారు, చేతులకు ముడి వేశారు, గిన్నెలో జ్యూస్ తాగారు. అప్పుడు ఇస్సాకన్న ముక్కులోని ఆక్సిజన్ గొట్టం తీసి వదిన చేతికిచ్చి నిలబడ్డాడు. సంచి నిండేదాకా హాలంతా ఆయన ఊపిరి చప్పుడే వినిపించింది. పాట మొదలవగానే కాలమ్ వైపు వాళ్ళందరూ లేచి తలలు వంచుకున్నారు. మనవాళ్ళు అది మర్యాద అనుకున్నారు. మన ఆడవాళ్ళు అప్పగింతలకు ఏడ్చినట్టు ఏడ్చారు. వాళ్ళు తలలు ఎత్తకుండానే ఏడ్చారు. అన్నీ తెలిసిన నేను మాత్రం ఏ వైపు నిలబడి ఏడవాలో తెలియక తలుపు దగ్గర నిలబడ్డాను.

పాట సగంలో ఆయన మెడ నరాలు లేచాయి. సంచి కుంగింది. లోపల మిగిలిన గాలి మూలుగుతూ బయటికి పోయింది. ఆయన గొట్టం నోట్లోంచి తీసి ఈషా వైపు చూశాడు.

"ఇంక లేదమ్మా."

"చాలు నాన్నా" అంది ఆ పిల్ల, అచ్చ తెలుగులో. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని కాలమ్ చేతిలో పెట్టాడు. అప్పగింతల్లో చెప్పాల్సిన మాటలేవో చెప్పబోతుంటే వదిన వచ్చి ఆక్సిజన్ గొట్టం మళ్ళీ ముక్కుకు పెట్టింది.

ఆ చలికాలం ఆయన దాటలేదు. సమాధి పనులూ నేనే చూశాను. పెళ్ళికి వాయించిన రెండో మనిషినే పిలిచాను. ఏ పాటో చెప్పబోతుంటే ఈషా నా చెయ్యి పట్టుకుంది.

"మొదటి నుంచి వద్దు ఆంటీ. నాన్న ఆపిన దగ్గర్నుంచి."

ఎక్కడ ఆపాడో ఆ మనిషికి గుర్తులేదు. కాలమ్ అతని పక్కకు వెళ్ళి నోటితో అని చూపించాడు. మిగిలిన పాట చాలా చిన్నది. గాలికి గొడుగులు తిరగబడుతుంటే నిలబడి విన్నాం. అయిపోయాక భానుమతి వదిన కొంగుతో ఈషా మొహం తుడిచింది.

"నీ అప్పగింతలు ఇప్పటికయినాయి తల్లీ" అంది.