ఒక్క రైఫిల్‌కే సరిపోయే మెడలు

తూటా పేలాక గుండు ఎగిరిపోతుంది, ఇత్తడి గొట్టం మిగిలిపోతుంది. దాన్ని కేసు అంటారు. గురికి కొట్టే ఆటగాళ్ళు దాన్ని పారెయ్యరు, ఏరుకుని మళ్ళీ నింపుకుంటారు. గుండును పట్టి ఉంచే పైభాగం పేరు మెడ. మా బేస్‌మెంట్‌లో బల్ల మీద పట్టే చిన్న లేత్, లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం, ఒకటుంది. దాని మీద ఆ మెడల్ని చుట్టూ ఒకే మందం వచ్చేలా సాపు చేసేవాణ్ణి. నేను చేసిన పని ఇంతే. చర్చిలో మాత్రం "అంకుల్ ఇంట్లో బుల్లెట్లు చేస్తారట" అని పాకింది. ఒకావిడ నా భార్యను పక్కకు పిలిచి, నాకోసం ప్రార్థన పెట్టించమంటారా అని అడిగింది. జన్మలో ఒక్క తూటా నింపి ఎరగను. ఎంతమందికని చెప్పుకోను?

పని తెచ్చినవాడూ ఆ చర్చివాడే. కడప వైపు మనిషి. నార్త్ యార్క్‌లో బ్యాంకు కంప్యూటర్ల మీద పనిచేసి రిటైరయ్యాడు. నాకంటే చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు. భార్య పోయాక ఆదివారం చర్చి, శనివారం గ్వెల్ఫ్ ఊరి అవతల ఉన్న షూటింగ్ క్లబ్బు, ఇవే అతనికి మిగిలాయి. గురి ఇంకా కచ్చితంగా రావాలని అతని రైఫిల్‌లో తూటా కూర్చునే చోటు మామూలుకంటే బిగువుగా కోయించుకున్నాడు. కొట్లో కొన్న కేసు అందులో దూరదు. మెడ మీద వెంట్రుకవాసి ఇత్తడి తీస్తేనే దూరుతుంది. అలా తీసిన కేసు ఇంకో రైఫిల్‌లో వదులైపోతుంది. ఒకరి వేలికి చేయించిన ఉంగరం లాంటిదన్నమాట.

ఎటోబికోలో విమానాశ్రయం పక్క మెషిన్ షాపుల్లో లేత్‌ల ముందు నిలబడే నా వయసు అరిగిపోయింది. ఇదెంత పని అనుకున్నాను. కేసును గట్టిగా బిగించి, మెడ మీద టూల్ నడిపాను. అద్దంలా వచ్చింది. అతను మందం కొలిచే మైక్రోమీటర్ పెట్టి చూసి నవ్వాడు.

"పైకి పెళ్ళికొడుకు మాదిరి ఉండాది అన్నా. ఒక పక్క మందం, ఇంకో పక్క పలచన."

"నా లేత్‌కి వంక పెడుతున్నావా?"

"లేత్‌ని ఏమీ అనలేదన్నా. నిన్నే అంటాండా."

నాకు కోపం వచ్చింది. కానీ మైక్రోమీటర్ మీద కోప్పడి ఏం లాభం? లేత్ పనివాడికి ఒంటబట్టిన మొదటి పాఠం వస్తువును కదలకుండా బిగించడం. ఈ పనికి అదే శత్రువు. మెడ లోపలి రంధ్రం కేసు ఒంటికి సరిగ్గా నడిమధ్య ఉండదు. ఒంటిని బిగిస్తే ఒంటికి గుండ్రంగా వస్తుంది కాని రంధ్రానికి రాదు. చివరికి ఒక రబ్బరు గొట్టం ముక్కలో కేసు అడుగును దూర్చి తిప్పాను. మెడలోకి సరిపడా ఉక్కు కడ్డీ ఎదురుగా నిలబెట్టాను. రబ్బరు కొంచెం వదులిస్తుంది, కేసు తనంతట తాను కడ్డీ వెంట సర్దుకుంటుంది. పట్టుకోవాలి, బిగించకూడదు. ఏ పుస్తకంలోనూ చదవలేదు, చెడగొట్టుకుంటూ నేర్చుకున్నాను. అప్పట్నుంచి అతని కేసులన్నీ నా చేతి మీదుగానే వెళ్ళాయి.

శనివారాలు నన్నూ క్లబ్బుకు తీసుకెళ్ళేవాడు. పక్కన కూర్చుని, నన్నూ ఒకటి రెండుసార్లు కాల్చనిచ్చేవాడు. లైసెన్సు ఉన్నవాడు పక్కనుంటే ఆ మాత్రం చెల్లుతుంది. తిరిగి వచ్చేటప్పుడు కారులో ప్రతిసారీ ఒకటే పాట.

"తుపాకీ లైసెన్సు కోర్సుకు అప్లై చేయన్నా. ఒక రాత పరీక్ష, ఒక చేత పరీక్ష. నువ్వు నిద్రలో పాసైతావు."

"నాకు పరీక్ష పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు."

హాస్యానికి అన్న మాట కాదది. నా చదువు ఏడో తరగతి. ఇంగ్లీషును యంత్రాల పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. ఈ దేశం వచ్చిన కొత్తలో మెషినిస్టు సర్టిఫికెట్‌కి రెండుసార్లు కూర్చుంటే రెండుసార్లూ రాతలో తప్పించారు. నేను రోజూ చేసే పనికి వాళ్ళ మాటల్లో పేరు చెప్పలేకపోయానని. ఇక ఎవరి ముందూ కాగితం మీద జవాబు రాసేది లేదని ఆ రోజే అనుకున్నాను. ఆ పంతం మీద సగం జీతానికే బతికాను. అప్పుడు అది పౌరుషంగానే కనిపించింది.

తర్వాత అతని కంట్లో మచ్చ వచ్చింది. సరిగ్గా చూపు మధ్యలో. గురి చూసే చోటే కనిపించడం మానేసింది. కాల్గరీలో ఉన్న కూతురు వచ్చి తీసుకెళ్ళిపోతానంది. చిన్నపిల్లలున్న ఇంట్లో తుపాకీ మాత్రం వద్దంది. ఆ మాటలో తప్పు పట్టలేం.

"రైఫిల్ నీకేనన్నా," అన్నాడు. "కేసులు నువ్వు చేసినవి, అది కూడా నీ దగ్గరే ఉండాల. లైసెన్సు కార్డు తెచ్చుకో, చాలు."

ఆ మాట విన్న వారంలో వెళ్ళి కోర్సులో కూర్చున్నాను. చుట్టూ కాలేజీ పిల్లలు. పక్కనున్న తెలుగబ్బాయి "టెన్షన్ పడకండి అంకుల్, ఈజీయే" అని ధైర్యం చెప్పాడు. ఈజీయే. పాసయ్యాను. చదివిన ప్రశ్నలన్నీ తెలిసినవే. ఇంటికొచ్చి సంతోషించలేదు, ఒళ్ళు మండింది. ఇంతేనా, దీనికోసమా నేను ఇన్నేళ్ళు బిగుసుకు కూర్చున్నది అని.

కార్డు మాత్రం చేతికి రాలేదు. విచారణ జరగాలి, ఆగమన్నారు. ఫోన్ చేసిన ప్రతిసారీ ప్రాసెసింగ్ అనే ఒక్క మాట చెప్పి పెట్టేసేవాళ్ళు. అతని ప్రయాణం రోజు దగ్గరికొచ్చేసింది. కార్డు లేనివాడి ఇంట్లో రైఫిల్ పెట్టడానికి లేదు. క్లబ్బులో ఒక పెద్దమనిషిని కొన్నాళ్ళు దాచమని అడిగాడు. ఇస్తే సొంతానికి తీసుకుంటాను కాని, దాచి పెట్టే పూచీ నాకొద్దన్నాడాయన. మావాడు ఆయనకే ఇచ్చేశాడు. కేసుల డబ్బా మాత్రం నా ఒళ్ళో పెట్టి, "ఆయన్ని అడిగి కొనుక్కో అన్నా" అని విమానం ఎక్కాడు.

కార్డు వచ్చిన శనివారమే డబ్బా పట్టుకుని క్లబ్బుకు వెళ్ళాను. ఆయన మర్యాదస్తుడు. రైఫిల్ తెచ్చి నా చేతికిచ్చాడు. బారెల్, అంటే తుపాకీ గొట్టం, కొత్తది. పాతది అరిగిందట, మార్పించాడట. కొట్లో దొరికే కేసులు నేరుగా పట్టేలా తూటా కూర్చునే చోటు మామూలు కొలతకే కోయించాడట. పాత బారెల్ తుక్కులో వేశామన్నాడు. నా కేసు ఒకటి కొత్త బారెల్‌లో పెట్టి చూశాను. దూరింది. దూరడమేమిటి, ఊగింది. అమ్ముతారా అని ఇక అడగలేదు, రైఫిల్ తిరిగి ఆయన చేతిలో పెట్టాను. ఆయన మీద అరవడానికి కారణమేదీ దొరకలేదు. తన వస్తువు, తన బారెల్.

సాయంత్రం కాల్గరీ నుంచి ఫోన్ వచ్చింది.

"కార్డు వచ్చెనా అన్నా?"

"వచ్చింది."

"ఫోటో ఎట్ల పడింది?"

"కోడి దొంగలా పడింది."

నవ్వాడు. "రైఫిల్ చూసినావా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. చేతకాలేదు. బారెల్ సంగతి చెప్పాను.

"అరిగిపోయిన మాట నిజమే లే అన్నా. నేనే మార్చాల్సింది," అన్నాడు.

నన్ను ఓదారుస్తున్నాడు. 'నేను చెప్పినప్పుడే నువ్వు కోర్సుకు వెళ్ళుంటే' అని ఒక్క మాట అంటాడేమోనని ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాను. అంటే బాగుండును, నేనూ నాలుగు మాటలు తిరిగి అనేవాణ్ణి. అనలేదు. మనవరాలు అన్నానికి పిలుస్తోందని చెప్పి పెట్టేశాడు.