క్లెమెంట్ గారు ఫోను పెట్టెయ్యరు

మా క్లెమెంట్ వాస్‌బర్గ్ గారు ఒకసారి రిసీవరు చెవికి ఆనించారంటే, అవతల మనిషి గొంతు వినిపించేదాకా దించరు. గంటైనా సరే, పూటైనా సరే. అమెరికాలోని మా ఈరీ ఊళ్లో మొండివాళ్లకు కొదవ లేదు గానీ, ఇంత ఓపికగల మొండిఘటం మాత్రం ఒక్కరే. ఆయన పగలంతా నా లాండ్రీ దుకాణంలోనే ఉంటారు.

ముప్పై ఒక్కేళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. మొబైల్ ఫోనంటే గిట్టదు. పొద్దున పదింటికల్లా ఫ్లాస్కు నిండా కాఫీతో దిగుతారు. ఆరబెట్టే మెషీన్ల పక్కన గోడకున్న నా పాత ఫోను కింద కుర్చీ వేసుకుని, ఏదో ఒక కంపెనీకి ఫోను కలిపి కూర్చుంటారు. అద్దె కింద నెలకోసారి ఒక పొట్లం పెప్పరోని ఉండలు, అదే మాంసం కూరిన బన్ను ముద్దలు, తెచ్చిస్తారు. అందులో సగం ఆయనే తినేస్తారు.

"ఎందుకు క్లెమెంట్ గారూ ఈ తిప్పలు? రేపు చేసుకోవచ్చుగా?" అన్నాను ఒకసారి.

"మనం విసిగి పెట్టేస్తామనే కదా బెర్నీ వాళ్ల ధీమా! నేను విసగను. చచ్చినట్టు మాట్లాడాలి."

రెండేళ్ల కిందట ఎవరి దుప్పటో మెషీన్లో అంటుకుని దుకాణం నిండా పొగ కమ్మింది. అందరం వీధిలోకి పరిగెత్తాం. ఆయన మాత్రం ఫోను తీగ ఎంతదాకా సాగితే అంతదాకా లాక్కొచ్చి, ఒక కాలు గడప బయటా ఒక కాలు లోపలా పెట్టి నిలబడ్డారు.

"బయటికి రండి మహానుభావా!" అని అరిచాను.

"వరుసలో పదకొండోవాణ్ణి! ఇప్పుడొస్తే మళ్లీ మొదటికొస్తుంది!"

చివరికి మంటలార్పడానికి వచ్చినాయన ఒక చేత్తో నీళ్ల గొట్టం, ఇంకో చేత్తో రిసీవరు పట్టుకోవలసి వచ్చింది. క్లెమెంట్ గారు బయట నిలబడి, "పాట ఆగిందా? ఆగితే వెంటనే పిలు" అని ఆయనకు పని చెబుతున్నారు.

అన్నట్టు, పాటల సంగతి. వేచి ఉండమన్నప్పుడు కంపెనీలు వినిపించే పాటలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. కరెంటువాళ్లది పియానో. పంటి వైద్యం బీమావాళ్లది గిటారు, మూడో నిమిషంలో గరగరలాడుతుంది. ఇంటి బీమావాళ్లది వయొలిను. ఈ వయొలినంటే ఆయనకు ప్రత్యేకమైన కచ్చ. నాలుగు నెలల కిందట మంచు బరువుకి ఆయన ఇంటి కప్పు కుంగింది. నట్టింట్లో బకెట్ పెట్టుకుని, నాలుగు నెలలుగా ఆ వయొలిను వింటున్నారు. ప్రతిసారీ వంతు దగ్గర పడేసరికి లైను దానంతటదే తెగిపోతుంది.

ఇలా ఉండగా ఒక బుధవారం రోజలిన్ టాకెట్ ఏడుపు మొహంతో బట్టల మూట తెచ్చింది. ఎదురుగా ఉన్న వృద్ధాశ్రమంలో ఆయాగా చేస్తుంది. ముప్పై రెండేళ్లకి ధైర్యం చేసి నర్సు కోర్సులో సీటు తెచ్చుకుంది. సోమవారం క్లాసులు. అయితే పన్నెండేళ్ల కిందట సగంలో వదిలేసిన చదువు తాలూకు లోను ఒకటుంది. దాన్ని ఎగ్గొట్టలేదని లోను కంపెనీ నుంచి కాగితం రావాలి. శుక్రవారం సాయంత్రం ఐదులోపు రాకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

"తెచ్చుకో మరి," అన్నాను.

"ఏ కంపెనీయో తెలిస్తేగా అక్కా!"

క్లెమెంట్ గారు గంటా పది నిమిషాలు కూర్చుని ఆమె పాత కంపెనీవాళ్లను పట్టారు. నేను ఏప్రాన్‌తోనే రోడ్డు దాటి పరిగెత్తి రోజలిన్‌ని లాక్కొచ్చాను. సంభాషణ ఇలా నడిచింది.

"మీ లోను మా దగ్గర లేదండీ. రెండు నెలల కిందటే మారిపోయింది."

"ఎవరికి?"

"ఆ వివరాలు మీకు పంపిన ఉత్తరంలో ఉన్నాయి."

"ఆ ఉత్తరం నా దగ్గర లేదండీ. ఇంకోటి పంపుతారా?"

"లోను మా దగ్గరుంటే పంపేవాళ్లం. కొత్త కంపెనీని అడగండి."

"ఆ కంపెనీ పేరే కదండీ నేనడిగేది!"

"ఉత్తరంలో ఉందండీ. ఇంకేమైనా సాయం కావాలా?"

ఉత్తరం రాకపోలేదు. వచ్చింది. కవరు మీద ఎర్రటి అక్షరాలతో 'అతి ముఖ్యం, వెంటనే విప్పండి' అని ఉంది. మా దగ్గర అలా రాసిన కవరు బుద్ధున్నవాడెవడూ విప్పడు. కార్లకు వారంటీలు అమ్మేవాళ్లూ, కిటికీలు మారుస్తామనేవాళ్లూ అలాగే రాస్తారు. రోజలిన్ తిన్నగా చెత్తబుట్టలో వేసింది.

"ఈ పిల్ల తప్పేం లేదు," అన్నారు క్లెమెంట్ గారు. "నేను మోసిన కవర్లలో సగం అతి ముఖ్యమే. జనం నా కళ్లముందే పారేసేవాళ్లు."

ప్రభుత్వ వెబ్‌సైటులో చూద్దామంటే, లోపలికి వెళ్లే ఓటీపీ అంకెలు ఆమె ఎప్పుడో వదిలేసిన నంబరుకు పోతున్నాయి. ఆ నంబరు ఇప్పుడు ఎవరో పెద్దాయనది. ఆయన పాపం అంకెలు చెప్పడానికి ససేమిరా అన్నాడు. ఆయన చేసిందీ సబబే. గురువారం ఎవరో చెప్పిన ఇంకో కంపెనీకి రోజలిన్ తన మొబైల్ నుంచి చేసింది. అది తప్పు కంపెనీ అని తేలేలోపు ఆమె ప్రీపెయిడ్ నిమిషాలన్నీ అయిపోయాయి. నా మొబైల్ సంగతి అడగకండి. అంతకుముందు సోమవారమే ఏప్రాన్ జేబులో ఉండి నాలుగో నంబరు మెషీన్లో శుభ్రంగా ఉతికించుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నర. రోజలిన్ సెలవు పెట్టి వచ్చి, మడతపెట్టిన తువ్వాళ్లనే మళ్లీ మళ్లీ మడతపెడుతోంది. క్లెమెంట్ గారు తన ఇంటి కప్పు కోసం పదింటి నుంచీ వయొలిను వింటున్నారు. ఏమీ తోచక రోజలిన్ తన ఫోనులో ఉన్న పాత సందేశాలు వినసాగింది. నెల కిందటిది ఒకటి మోగింది. 'మీతో ముఖ్యమైన విషయం మాట్లాడాలి, దయచేసి వేచి ఉండండి' అని మరగొంతు. ఆ తరవాత పాట. అంతే.

"ఇదేం చోద్యం అక్కా! వాళ్లే ఫోన్ చేసి నన్నే ఆగమంటారా? దొంగలై ఉంటారు," అంది.

క్లెమెంట్ గారు చెయ్యెత్తారు. "అమ్మాయ్! మళ్లీ పెట్టు."

పెట్టింది. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

"పిల్లనగ్రోవి. రెండోసారి శ్రుతి తప్పుతుంది చూడు... అదీ! మెరిడియన్ లేక్ లోన్ సర్వీసు! మా మేనకోడలి కోసం వారం రోజులు విన్నాను దీన్ని. నంబరు నాకు నోటికొచ్చు!"

అని గోడవైపు తిరిగి, "ఛ, ఈ బీమావాళ్లు మళ్లీ కట్ చేశారు. పోనీలే, మంచిదే అయింది," అంటూ కొత్త నంబరు నొక్కారు.

నలభై ఎనిమిది నిమిషాలు. పిల్లనగ్రోవి పధ్నాలుగుసార్లు శ్రుతి తప్పింది. నాలుగూ పద్దెనిమిదికి మనిషి పలికాడు. లోను వాళ్ల దగ్గరే ఉంది. ఆగిపోయిన రెండు కిస్తీలు రోజలిన్ అక్కడికక్కడే కార్డు మీద కట్టేసింది. నాలుగూ యాభై రెండుకి కాగితం అందిందని కాలేజీ ఆఫీసు చెప్పింది. రోజలిన్ క్లెమెంట్ గారిని కావలించుకుని చెక్కిలి మీద ముద్దు పెట్టింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

కానీ నేను ఒకటి చూశాను. బీమావాళ్లు కట్ చెయ్యలేదు. 'తరవాతి వంతు మీదే' అని రిసీవరులోంచి మరగొంతు నాకు స్పష్టంగా వినిపించింది. అప్పుడే క్లెమెంట్ గారు, మా వైపు వీపు పెట్టి, వేలితో ఫోను కొక్కెం నొక్కేశారు. మంటల్లో కూడా పెట్టని ఫోను పెట్టేశారు. ఆయన్ని అడగలేదు గానీ, రోజలిన్‌కి చెప్పకుండా ఉండలేకపోయాను.

అప్పటి నుంచి మంగళ, గురువారాల్లో క్లాసు అవగానే రోజలిన్ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటుంది. ఒళ్లో ఎముకల పుస్తకం, భుజానికీ చెవికీ మధ్య రిసీవరు, అందులో వయొలిను. "మీరెళ్లి బకెట్ వంపేసి రండి, నేనున్నాగా" అంటుంది. ఆయన కదలరు. పక్కనే నిలబడి, "పాట సరిగ్గా వింటున్నావా? పరధ్యానం పనికిరాదు" అని ప్రాణం తీస్తారు.

మూడో వారం గురువారం రోజలిన్ ఎగిరి నిలబడింది. "మనిషి! క్లెమెంట్ గారూ, నిజం మనిషి!"

ఆయన కాలరు సర్దుకుని రిసీవరు అందుకున్నారు. "క్లెమెంట్ వాస్‌బర్గ్ గారేనా? చెప్పండి, మీకేం సాయం చెయ్యగలను?" అని అవతలి గొంతు.

దాదాపు ఐదు నెలలు, ఒక బకెట్. క్లెమెంట్ గారు గంభీరంగా ఊపిరి పీల్చుకున్నారు.

"మీ ఫోను మాకెంతో విలువైనది. దయచేసి వేచి ఉండండి," అని చెప్పి, వయొలిను పాట మొదటి నుంచీ చివరిదాకా వాళ్లకు ముక్కుతో వినిపించారు.

వాళ్లు పెట్టెయ్యలేదు. కప్పు వేయించారు.