కాలువ మొదట్లో కొట్టిన కొబ్బరికాయ

ఒడియావాళ్ల పట్నం శివార్లలో, అంకులి అవతల మా ఆకుకూర మళ్లు ఊరి మురుగునీటితోనే పండేవి. బడా బజార్‌లో మా తోటకూర నవనవలాడుతోందని మెచ్చుకుని మరీ కొనేవాళ్లు. అది ఏం తాగి పెరిగిందో ఎవరూ అడిగేవారు కాదు, మేమూ చెప్పేవాళ్లం కాదు.

మురుగును శుద్ధి చేసే ప్లాంటును పెంచుతామని మున్సిపాలిటీ వాళ్లు వచ్చారు. కొత్త ట్యాంకులకు మా పై మడి కావాలన్నారు. రైతులందరి తరఫునా మాట్లాడింది మా పెదనాన్నే. పై మడి ఇస్తే, శుద్ధి చేసిన నీళ్లు కింది మళ్లకు వదులుతారని ఆయనే చెప్పాడు. నిజంగా వదులుతారా అని నాన్న ఒడియాలో అడిగితే, ఇంజినీరు "హెబొ, హెబొ" అని తలూపాడు. అవుతుందట.

మాలో ఒక ఆచారం ఉంది. ఏటా కాలువ మొదట్లో ఎవరు కొబ్బరికాయ కొడితే, చివరి మడి దాకా నీళ్లు అందించే పూచీ వాళ్లదే. ఆ ఏడు పెదనాన్న అందరి ముందూ కొట్టాడు. అయినా అమ్మకు అనుమానం తీరలేదు.

"ఓ కాయితం రాయించుకుంటే ఏటి పోతాది?" అంది.

"అన్నయ్య కాయ కొట్టినాడు. ఇంకా కాయితం ఏటే? నలుగురూ ఇంటే నవ్వుతారు!" అని నాన్న కసిరాడు.

ట్యాంకులు లేచాయి. ప్రారంభం రోజున పెద్దమనుషులు చూస్తుండగా మా కాలువలోకి తేటనీళ్లు దూకాయి. నాన్న ఆ నీళ్లను దోసిలితో పట్టి కళ్లకద్దుకున్నాడు. మర్నాటికి కాలువ ఎండిపోయింది. నీళ్లన్నీ మా గట్టు వెంబడే వేసిన పైపులో ఏదో ఫ్యాక్టరీకి పోతున్నాయి. మురుగంతా ట్యాంకుల్లోకి మళ్లింది కాబట్టి ఆ పాత నీళ్లూ మాకు లేవు. తోటకూర నిలువునా వాడిపోయింది.

నాన్న వెంట నేనూ పెదనాన్న ఇంటికి వెళ్లాను.

"పైపు సంగతి నీకు ముందే తెలుసేటన్నయ్యా?"

"తెలుసురా," అన్నాడు పెదనాన్న, తల ఎత్తకుండానే. "మావోడికి ప్లాంటులో పని ఇత్తామన్నారు. నానేటి సెయ్యను?"

ఆ పని ఏమిటంటే, ఆ పైపు వాల్వు తిప్పడం! నాకు ఒళ్లు మండిపోయింది. మున్సిపాలిటీ మోసం చేస్తే తిట్టిపోసి ఊరుకునేవాళ్లం. ఈయన మాతో కలిసి ఒకే కంచంలో తిన్న మనిషి. నాన్న మాత్రం చెప్పులేసుకుని వెనక్కి తిరిగాడు.

కొన్నేళ్లకు నా పెళ్లయింది. పెదనాన్న పెద్దరికంగా పందిట్లోకి వచ్చి కొబ్బరికాయ అందుకున్నాడు. నాన్న ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నువ్వు కొట్టొద్దన్నయ్యా. ఇది నా కూతురి బతుకు."